గేటు దగ్గర ఆగిపోయిన క్యాసెట్టు

1985 వేసవి ముగిసే రోజుల్లో నన్ను తిరుపతి డెస్కు నుంచి చిత్తూరు కార్యాలయానికి వేశారు. హోదా సబ్‌ఎడిటర్. అంటే విలేఖరి రాసుకొచ్చిన దాన్ని దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో పట్టేటట్టు కత్తిరించే మనిషి. మాది వారపత్రిక. చిత్తూరు కార్యాలయమంటే మేడ మీద ఒక గది, రెండు బల్లలు, ఒక ఫోను. కత్తిరించడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఎడిటర్‌గారితో మరీ ఎక్కువగా వాదిస్తున్నానని పంపించేశారని డెస్కులో అందరికీ తెలుసు. ఆయన మాత్రం దాన్ని ‘జిల్లా కేంద్రంలో అనుభవం’ అన్నారు. వెళ్ళే ముందు ఒక కొత్త శీర్షిక కూడా నా నెత్తిన పెట్టారు. దాని పేరు ‘ఇంటి తెర’.

వీడియో అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తోంది. సొంతానికి కొన్నవాళ్ళు తక్కువ. తక్కినవాళ్ళు రోజు అద్దెకు తెచ్చుకునేవాళ్ళు: కలర్ టీవీ, వీసీఆర్, మూడు నాలుగు క్యాసెట్లు, అన్నీ రిక్షాలో ఎక్కించి వీడియో లైబ్రరీ వాళ్ళే పంపేవాళ్ళు. చుట్టాలు పదిమంది ఒకచోట చేరితే చాలు, నామకరణమైనా, ఆస్తి పంపకాల మాటలైనా సరే, ‘సెట్టు’ రావాల్సిందే. తెచ్చిన సినిమాల్లో రెండు చెత్తవైతే ఆ రోజు పాడు, తెచ్చినవాడి పరువు పాడు. అందుకని ఏది తెచ్చుకోవచ్చో ముందే చెప్పేవాళ్ళు కావాలి. వారానికి ఒక పాత సినిమా, ఒక కొత్త సినిమా చూసి చెప్పడం నా పని.

హాలు సమీక్ష వేరు, ఇంటి సమీక్ష వేరు. హాల్లో నచ్చకపోతే లేచి రావచ్చు. ఇంట్లో అత్తగారి పక్కన కూర్చుని చూస్తూ ఎక్కడికి లేచిపోతారు? అందుకే కథ, నటన, సంగీతంతో పాటు ఎవరెవరు కలిసి కూర్చుని చూడవచ్చో కూడా రాసేదాన్ని. ‘మామగారు ఊళ్ళో లేనప్పుడు చూడదగినది’ అని ఒకసారి రాస్తే ఎడిటర్‌గారు కొట్టేశారు. ప్రింటు సంగతి కూడా చెప్పాలి. హాల్లో తెర మీద ఆడుతున్నప్పుడు దొంగతనంగా పట్టిందైతే అది కెమెరా ప్రింటు. అందులో కథానాయకుడి మొహం మీదుగా ఎవరో ముందు వరుసాయన తలకాయ లేచి వెళుతుంది. ఫిల్ము నుంచే నేరుగా ఎక్కించిందైతే మంచి ప్రింటు.

నాకు ఇంట్లో వీసీఆర్ లేదు. ఆఫీసుకి రెండు వీధుల అవతల మునిరత్నం అనే ఆయన వీడియో లైబ్రరీ నడిపేవాడు. మధ్యాహ్నం బేరాలు తక్కువగా ఉండే వేళ వెనక గదిలో కూర్చుని చూసేదాన్ని. రాసిన కాగితాలు కవర్లో పెట్టి తిరుపతి బస్సు కండక్టరు చేతికిస్తే, అక్కడ మా ఆఫీసు మనిషి దించుకునేవాడు. సోమవారం కవరు వెళ్ళాలి, గురువారం పత్రిక బజార్లోకి రావాలి.

శీర్షిక మొదలైన మూడో నెలలో ఒక పాత తెలుపు నలుపు సినిమా చూశాను. దాని పేరు చెప్పను. చెబితే ఈ వయసులో మళ్ళీ ఉత్తరాలకు జవాబులు రాసుకుంటూ కూర్చోవాలి. కథ మాత్రం ఇది. కలిగిన ఇంటి ఇల్లాలు. మొగుడు ఆమె చదువుని, మాటని, చివరికి ఆమె నడకని కూడా నలుగురిలో ఎగతాళి చేస్తాడు. ఒక రోజు ఆమె మొలలోని తాళంచెవుల గుత్తి తీసి ఉయ్యాల బల్ల మీద పెడుతుంది. ఎవరూ ఊపకుండానే బల్ల కొంచెం ఊగుతుంది. ఆమె మెట్లు దిగి గేటు మీద చెయ్యి వేస్తుంది. బయట బండి ఉంది. అంతే, తెర నల్లబడింది.

నేను కుర్చీలోంచి లేవలేదు. అంత పాత కాలంలో ఒక దర్శకుడు కథని గేటు దగ్గర వదిలేసి చేతులు దులుపుకున్నాడంటే ఎంత గుండె! ఆ వారం కాస్త గట్టిగానే రాశాను. ‘ఆమె వెనక్కి వస్తుందా రాదా అని ప్రేక్షకుణ్ణి జోకొట్టి పంపే అలవాటు ఈ దర్శకుడికి లేదు. ఆఖరికి శుభం కార్డు కూడా వేయలేదు. కుటుంబమంతా కలిసి చూడదగినది’ అని.

పత్రిక వచ్చిన తర్వాతి సోమవారం ఉదయమే ఒక పెద్దాయన మేడమెట్లు ఎక్కి వచ్చాడు. బెల్లం మండీ సుబ్బరామ శెట్టిగారు. చేతిలో మా పత్రిక, చుట్ట చుట్టి, ఎవరినో కొట్టడానికి తెచ్చినట్టు.

“నువ్వేనామ్మా సినిమాలు జూసి రాసేది?”

నేనేనన్నాను.

“మా కొంపకి నిప్పు పెట్టినావు గదమ్మా తల్లీ” అన్నాడు, కుర్చీలో కూర్చుంటూ.

తర్వాత ఆయన చెప్పింది నాకు మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది గానీ నమ్మబుద్ధి కాలేదు.

శెట్టిగారి అన్న కూతురు శారద. అన్న పోయాక పెద్ద దిక్కు ఈయనే. శారదని తడలో ఒక కిరాణా వ్యాపారి ఇంటికి ఇచ్చారు. పెళ్ళికి ముందు పెట్టుకున్న దరఖాస్తుకి పెళ్ళయ్యాక కార్వేటినగరంలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. శెట్టి ఇంటి కోడలు పంతులమ్మ అయ్యేదేంది, గల్లా దగ్గర కూర్చుంటే చాలదా అని తడ వాళ్ళు. సీటు వదలనని ఈ పిల్ల. మాటా మాటా పెరిగి పెట్టె సర్దుకుని చిత్తూరు వచ్చేసింది. చేరడానికి గడువు దగ్గర పడుతోంది. ఆదివారం రెండు వైపుల పెద్దమనుషులూ శెట్టిగారింట్లో కూర్చున్నారు. చుట్టాలు చేరుతున్నారు కాబట్టి శెట్టిగారు సెట్టు తెప్పించారు. మా పత్రిక చదివి ఉన్నారు కాబట్టి ఈ క్యాసెట్టే తెప్పించారు.

“నేను వయసులో ఉన్నప్పుడు టెంటు హాల్లో జూసిన సినిమా అమ్మా అది. ఆ ఇల్లాలు పోతాది, మళ్ళా వస్తాది, మొగుడి కాళ్ళ మింద పడతాది. మనం నోటితో చెప్తే పిల్లకి ఎక్కదు, సినిమా అయితే ఎక్కుతాదని...”

ఆయన బుద్ధి అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సినిమా మొదలవక ముందే అందరినీ కూర్చోబెట్టి ఒక మాట అనేశాడు. ‘ఇనండప్పా అందురూ. ఆ సినిమాలో ఆ ఇల్లాలు యాం జేస్తే మా శారద అదే జేస్తాది.’ తడ వాళ్ళలోనూ ఒకరిద్దరు ఆ సినిమా ఎరిగినవాళ్ళే. సంతోషంగా సరే అన్నారు. శారద కూడా నెమ్మదిగా తలూపింది. వింటున్న నేను నుదురు పట్టుకున్నాను.

“క్యాసెట్టు గేటుకాడ ఆగిపొయ్యింది. మేమంతా ఇంగా ఉండాది, ఇంగా ఉండాది అని ఉత్త తెరని జూస్తా కూర్చున్నాము. ఆ పిల్ల లేసి, కాఫీ గ్లాసులు ఎత్తుకుంటా, ‘అయితే నేను కార్వేటినగరం పోతా చిన్నాయనా’ అనేసింది.”

తడ వాళ్ళు ఇది మోసమన్నారట, క్యాసెట్టు కోసేశారన్నారట. శెట్టిగారికేమో మాట ఇచ్చేసిన బాధ. చివరికి రెండు వైపులా ఒక ఒప్పందానికి వచ్చారు. చూడమని చెప్పింది పత్రిక కాబట్టి, అసలు ముగింపు ఏమిటో కూడా ఆ పత్రికే అచ్చు వేసి చెప్పాలి. దానికి అందరూ కట్టుబడతారు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటారు.

ఒక ఆడపిల్ల బతుకు గురించి తేల్చుకోవడానికి మీకు సినిమా కావాల్సి వచ్చిందా శెట్టిగారూ అని అడిగాను. “పంచాయితీలో అయితే మనుషులు మొహాలు జూసుకుంటా అబద్ధాలు ఆడతారమ్మా. సినిమాకి మనమెవురో తెలవదు గదా” అన్నాడు.

ఎడిటర్‌గారికి ఫోను చేశాను. ఆయన చాలాసేపు నవ్వి, నవ్వు ఆపాక గొంతు మార్చారు. ముగింపు లేని సినిమాకి ముగింపు బాగుందని రాశావా అని అడిగారు. ఉన్నంత వరకు బాగుందనే రాశానన్నాను. బుధవారానికల్లా అసలు ముగింపు కనుక్కుని సవరణ ఇవ్వాలి, లేకపోతే శీర్షిక వేరేవాళ్ళకి వెళుతుంది అన్నారు. ఆ బుధవారం వరకు నేను పడిన అయోమయం ఇంకెప్పుడూ పడలేదు.

మొదట మునిరత్నం దగ్గరికి వెళ్ళాను. క్యాసెట్టు పట్టేది మూడు గంటలు, సినిమా అంతకంటే పొడుగు. మద్రాసులో ఎక్కించినవాడు టేపు అయిపోయేదాకా ఎక్కించి ఊరుకున్నాడు.

“టేపు అయిపోతే వాడు మాత్రం యాం జేస్తాడు మేడమ్?”

“ఒక పాట తీసేయొచ్చు కదా!”

“పాట తీస్తే ఎవురు తీసుకుంటారు? పాత సినిమా తీసుకునేది పాటలకే గదా. ఇన్నాళ్ళయింది, ముగింపు యాడ అని నన్ను అడిగినోళ్ళు ఒక్కురూ లేరు. మీరూ అడగలేదు.”

అది నిజమే కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది. ఎదురుగా నిలబడి మద్రాసుకి ఫోను చేయించాను. వాళ్ళ దగ్గరున్నది కూడా గేటు దాకానే.

సాయంత్రం ఐరాల వెళ్ళాను, మా అమ్మ దగ్గరికి. అమ్మ పాత సినిమాల పాటలన్నీ వంటింట్లో పాడేది. ఈ సినిమా పేరు చెప్పగానే కళ్ళు మెరిశాయి. ఆ ఇల్లాలు తిరిగి వచ్చేస్తుంది, మొగుడే గేటు దాకా ఎదురు వస్తాడు అంది. కాళ్ళ మీద పడదా అని అడిగితే, “ఆమె పడేదేంది, వాడే పడతాడు” అంది.

“నువ్వు చూశావా అమ్మా?”

“సూడకుండా చెప్తానా?” అని, కాసేపాగి, “ఆ ఆఖరు ముక్క సూడలేదులే. ఐరాల ఆఖరు బస్సు పోతాదని లేసి వచ్చేస్తిమి. మీ నాయన చెప్పినాడు” అంది.

వాకిట్లో కూర్చున్న నాయన ఉలిక్కిపడ్డాడు. “నేనా? నేను నీతోనే లేస్తి గదా, సంకలో ఈ పిల్లని ఎత్తుకోని. పెదనాయన చెప్పినాడు నాకు.”

పెదనాయన పోయి చాలా కాలమైంది. అయినా ఆయనా అదే బస్సుకి వచ్చి ఉంటాడని నా అనుమానం. తర్వాత అడిగితే అమ్మ ఒప్పుకుంది, చిత్తూరు హాల్లో ఆమె చూసిన ఏ సినిమాకీ చివరి ముక్క చూడలేదని. సినిమాలు ఎప్పుడు అయిపోతాయో బస్సుకి పట్టదు కదా. కథ గట్టెక్కించుకునే పని వాళ్ళు బస్సులో కూర్చుని చేసుకునేవాళ్ళు. ఐరాల చేరేలోపు సినిమా పూర్తయ్యేది.

మర్నాడు ఇంకొందరిని అడిగాను. ఆ ఇల్లాలు బావిలో పడిందని ఒకామె కన్నీళ్ళు పెట్టుకుంది. ఒక రిటైర్డు హెడ్మాస్టరు ఆమె ఆశ్రమంలో చేరిందన్నాడు. ప్రతివాళ్ళూ కళ్ళతో చూసినట్టే చెప్పారు. గుచ్చి అడిగితే ప్రతివాళ్ళూ ఎవరో చెప్పగా విన్నవాళ్ళే. చివరికి మండీకి వెళ్ళి శెట్టిగారినే నిలదీశాను. మీరు టెంటులో చివరిదాకా చూశారా, దేవుడి మీద ఒట్టేసి చెప్పండి అని.

ఆయన బెల్లం దిమ్మ ఒకటి చేత్తో తట్టుకుంటూ నిలబడ్డాడు. “వాన వచ్చినాదమ్మా” అన్నాడు మెల్లగా. “టెంటు కారతావుంటే అందురూ లేసి పరిగెత్తిరి. నాకు మా బామ్మర్ది చెప్పినాడు.”

మంగళవారం మధ్యాహ్నం శారద ఆఫీసుకి వచ్చింది. బక్కపలచని పిల్ల, వాయిల్ చీర, చేతిలో గొడుగు. ఏడుస్తుందేమో, ఓదార్చాలేమో అని నేను కుర్చీ లాగాను. ఆమె కూర్చోకుండా ముందు గది చుట్టూ చూసింది.

“ఇంత చిన్న ఆఫీసా అక్కా మీది!” అంది.

పెద్ద ఆఫీసులో అయితే నాతో వాదించేవాళ్ళు ఎక్కువవుతారన్నాను. నవ్వి కూర్చుంది. మీ చిన్నాయన అంత పిచ్చి పందెం వేస్తే నువ్వెందుకు తలూపావు, ఆ ఇల్లాలు తిరిగి వస్తే నీ గతేమయ్యేది అని గట్టిగానే మందలించాను.

“అక్కా, మీరు రాసింది గురువారం చదివినాను. శుక్రవారం మా ఎదురింట్లో సెట్టు ఉంటే అదే క్యాసెట్టు తెప్పించి సూసినాను. గేటు దగ్గర అయిపోతాదని నాకు తెలుసు. తెలవకుండా అంతమంది ముందర ఒప్పుకుంటానా?”

వాదన అక్కడితో ఆపేశాను. నాతో చదువుకున్నవాళ్ళూ, పనిచేసినవాళ్ళూ దీన్ని నమ్మరు.

“అయితే అసలు ముగింపు?”

“అది నాకూ తెలవదు. మీరు సూసింది రాయండి. సూడనిది రాయొద్దండి. నేను అడిగేది అంతే.” గొడుగు తీసుకుని లేచింది. మెట్ల దగ్గర ఆగి, “శనివారం లోపల చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారక్కా. ఆ బండి అయితే గేటుకాడ ఎంతసేపైనా నిలబడతాది, సినిమా కాబట్టి” అంది.

ఆమె వెళ్ళాక నా తల ఇంకా తిరిగింది. ఇప్పటిదాకా సమస్య సినిమాది. ఇప్పుడు ఈ పిల్ల ముందే తెలిసి ఆడిందని నాకు తెలుసు. అది శెట్టిగారికి చెప్పాలా? చెబితే సీటు పోతుంది. చెప్పకపోతే నేనూ ఆటలో ఉన్నట్టే. పోనీ ‘పెద్దలు చెప్పిన ప్రకారం ఆమె తిరిగి వస్తుంది’ అని రాద్దామా అంటే, ఆ పెద్దల్లో ఒకాయన్ని వాన తరిమింది, ఒకామెని బస్సు తరిమింది. వాళ్ళ మాట మీద ఒక పిల్లని తడ బస్సు ఎక్కించాలా? ఆమె వైపు ఉండాలని నా మనసు ఎంత లాగినా, ‘తిరిగి రాదు’ అని రాసే హక్కూ నాకు లేదు. ఆ సాయంత్రం చాలా కాగితాలు చింపాను. శారద చెప్పిన సంగతి మాత్రం శెట్టిగారికి చెప్పలేదు. ఆయన నన్ను అడిగింది సినిమా ముగింపు ఒక్కటే.

బుధవారం ఉదయం బస్సు కవర్లో పంపింది ఇది: ‘క్రితం వారం మేము సమీక్షించింది క్యాసెట్టును. అది గేటు దగ్గర ముగుస్తుంది. సినిమా ఆ తర్వాత కొంత ఉంది. అందులో ఏముందో మాకు తెలియదు. కళ్ళారా చూసినవారు విచారణలో ఒక్కరూ దొరకలేదు. వినికిడి మీద సమీక్ష రాయము. చివరి వరకు స్వయంగా చూసినవారు ఎవరైనా ఉంటే మాకు తెలియజేయవలసింది.’

ఎడిటర్‌గారు ఫోను చేసి, పత్రిక తనకు తెలియదని అచ్చు వేసుకుంటే ఇక ఎవరు కొంటారని అడిగారు. తెలిసినట్టు అచ్చు వేసినప్పుడు మాత్రం ఎంతమంది కొంటున్నారన్నాను. ఆయన దాని పైనున్న ‘సవరణ’ అనే మాట తీసేసి ‘వివరణ’ అని పెట్టి వదిలారు. నేను కోరుకున్నదీ అదే. తప్పైతే కదా సవరించడానికి.

సీటు గడువు శనివారమని తెలిసి శెట్టిగారు ఆదివారం దాకా ఆగలేదు. గురువారం పత్రిక రాగానే తడ వాళ్ళని పిలిపించారట. వివరణ పైకి చదివించి, “సూసినోడు ఎవుడన్నా ఉంటే చెయ్యెత్తండప్పా. నేనైతే సూడలా” అన్నారట. తడ పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకాయన చెయ్యి సగం దాకా లేపి, తన భార్య వైపు చూసి, దించేశాడట. ఎవరూ చూడని ముగింపుకి ఎవరూ కట్టుబడలేరు, చూసిన దానికి మాట ఇచ్చాము అని శెట్టిగారే తీర్పు చెప్పారు. మర్నాడు గొణుక్కుంటూనే శారదని కార్వేటినగరంలో దించి వచ్చారు. ఈ సంగతి ఆయనే ఆఫీసుకి వచ్చి చెప్పి, కాగితంలో చుట్టిన బెల్లం ముక్క బల్ల మీద పెట్టి, “ఇంగ మీదట ముగింపు ఉండే సినిమాలే రాయమ్మా” అని హెచ్చరించి పోయారు. శారద ట్రైనింగ్ పూర్తి చేసింది, ఉద్యోగంలో చేరింది. ఆ తర్వాత మొగుడితో ఏమైందో నాకు తెలియదు. రకరకాలుగా విన్నాను గానీ, వినికిడి రాయను.

స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాక, తిరుపతిలో ఒక కొట్లో ఆ సినిమా సీడీలు కనిపించాయి. మూడు సీడీలు, పూర్తి నిడివి. ఇంటికి తెచ్చి మూడోది పెట్టాను. గేటు, చెయ్యి, బండి. నేను కుర్చీ అంచుకి జరిగాను. తర్వాతి దృశ్యంలో హాస్యగాడికీ వాడి మరదలికీ పెళ్ళి. ఒక పెద్ద పాట, తలంబ్రాలు, ఎవరో నేతి గిన్నెలో పడడం. ఆఖరున అందరూ కలిసి ఫొటోకి నిలబడతారు, శుభం. ఇల్లాలి ప్రస్తావన ఒక్క ముక్క లేదు. కాళ్ళ మీద పడడం లేదు, బావి లేదు, ఆశ్రమం లేదు. అవన్నీ బస్సుల్లో, వానలో పుట్టినవి.

కానీ ఆ ఫొటోలో చివరి వరుసలో, మొగుడు పాత్రధారికి రెండు తలల అవతల, ఒక ఆడమనిషి ఉంది. ముందున్న పిల్లవాడి తలపాగా అడ్డం వచ్చి మొహం సగమే కనిపిస్తుంది. చీర అంచు అదేలా ఉంది. కాదేమో కూడా. ఆపి చూశాను, వెనక్కి తిప్పి చూశాను. తేలలేదు.

ఆ వివరణ వేసిన వారం నుంచి ‘ఇంటి తెర’ నడిచినన్నాళ్ళూ ప్రతి సమీక్ష కింద ఒక వరుస చేర్చాను. క్యాసెట్టు ఎక్కడిదాకా ఉంది, నేను ఎక్కడిదాకా చూశాను అని. పాఠకులకి దానివల్ల ఉపయోగం కలిగిందో లేదో చెప్పలేను. సమీక్షలో ‘తెలియదు’ అనే మాటకి చోటు ఉంటుందని, దాన్ని కూడా అచ్చు తప్పులు లేకుండా వేయాలని ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నాను. ఆ ఫొటోలో ఉన్నది ఎవరని ఎవరైనా అడిగితే ఆ మాటే రాస్తాను.